నాలుగో సంచిక చూడండి

కావలి ట్రంకురోడ్డులో
పాత పేపర్ల కొట్టు ముందు
తక్కెట్లో ఉండగా చూశా వాణ్ణి.
నీలిపిట్ట వాళ్ళ ఉప్పుమనిషి, ఏడో సంచిక.
అట్ట మీద ఎవరిదో టీగ్లాసు గుండ్రం,
లోపలి కాగితాలు ముట్టుకుంటే అప్పడాలు.
పది రూపాయలిచ్చి
చొక్కా లోపలికి దోపుకున్నా,
నలభై ఆరేళ్ళ వయసులో,
చేతిలో ఎల్లైసీ బ్యాగు ఉండగా.

ఏం చెయ్యను, మాది అశని పార్టీ.
రహంతుల్లా బంకులో పావలాకి గంట అద్దె రోజుల్నించీ
మేం ఇనపడేగ మనుషులం.
డెబ్బై మూడు సంచికలూ ఉన్నాయి నా దగ్గర,
ఇరవై తొమ్మిదోదానికి అట్ట లేదు, అంతే.
ఎవడు ఎవడికి మేనమామో
నిద్రలో లేపి అడిగినా చెప్తా.

ఎనిమిదో తరగతిలో
"వానొస్తే కరిగిపోయేవాడు కూడా ఒక హీరోనా" అన్నందుకు
మస్తానయ్య కాంపాసు పెట్టెతో కొట్టాడు.
కనుబొమ మీద ఆ గాటు
ఇప్పటికీ మంగలాయన అడుగుతుంటాడు.

మిద్దె మీద, బట్టలారేసిన తీగ కింద,
మొదటి పేజీ తిప్పా.
అల్లూరు బస్సెక్కి నిద్రపోయి
ఎక్కడో దిగినట్టుంది.
ఈ ముసలామె ఎవరు?
ఉప్పుమనిషి ఆమె గడప ఎందుకు దాటడు?
బొమ్మ పక్కన చిన్న చుక్క గుర్తు,
పేజీ అడుగున చీమలంత అక్షరాలు:
నాలుగో సంచిక చూడండి.
ఎక్కణ్ణించి చూసేది!
కొత్త అల్లుడిలా
ఎవరు కనపడ్డా తెలిసినట్టు నవ్వుకుంటూ పోయా.

వాడు ఎగరడు. గొడుగేసుకుని నడుస్తాడు.
వెనకాల తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు.
గీసినాయన ఎవరో గానీ
ఇసకపల్లి కొఠార్లు చూసే ఉంటాడు.
కాలవలో పిల్లాడు మునుగుతుంటే
గొడుగు మడిచి, గట్టున ఆనించి, దూకాడు.
పైకొచ్చేసరికి ఎడంచెయ్యి లేదు.
తర్వాత రెండు పేజీలూ ఎండ.
మాట లేదు, దెబ్బలాట లేదు.
చెయ్యి మళ్ళీ పేరుకునేదాకా
వాడట్టా కూచునే ఉంటాడు.

అశని వాళ్ళయితే
ఆ రెండు పేజీల్లో నలుగుర్ని చంపించి ఉండేవాళ్ళు.

ముసునూరు కాడ పంక్చరు షాపులో
మస్తానయ్య ట్యూబు నీళ్ళ తొట్లో ముంచి
బుడగలు చూస్తున్నాడు.
"నాలుగు ఉండాదా?" అన్నా.
తల ఎత్తలేదు.
"ఏంది నాలుగు?"
చొక్కాలోంచి ఏడు తీసి చూపించా.
నా మొహం కంటే ముందు నా కనుబొమ చూశాడు.
చేతులు తుడుచుకుని లోపలికి పోయి
సిమెంటు సంచిలోంచి తీసుకొచ్చాడు,
ఎరువుల కవరు తొడుగులో భద్రంగా.
"రేపు ఇచ్చెయ్యాల. నూనె చేత్తో పట్టుకోబాక."
నూనె చెయ్యి వాడిది.

బండి తీస్తుంటే అడిగాడు:
"అబ్బయా, మీవోడికి దెబ్బ తగిల్తే
నొప్పి ఉంటదా?"
వెటకారం అనుకున్నా.
కాదు. నిజంగానే అడిగాడు.

రాత్రి అటక మీంచి పెట్టె దించా.
మా ఆవిడ పద్మకుమారి
లైటార్పమని రెండుసార్లు కసిరింది.
ఒకటి నించి మొదలుపెట్టా.
కొండలు విరిచాడు, రైలు ఆపాడు,
పిడుగుని గుప్పిట్లో నలిపాడు.
నొప్పి మాత్రం ఎక్కడా లేదు.

నలభై ఒకటో సంచిక,
పందొమ్మిదో పేజీ, కింద కుడి మూల,
అగ్గిపెట్టెలో సగం గడి.
ఇనపడేగ మనకి వీపు పెట్టి నిలబడి
ఎవరూ లేనప్పుడు
భుజం రుద్దుకుంటున్నాడు.

సరిగ్గా ఆ గడి మీదే
నా బొటనవేలి మట్టి ముద్ర.
ఎన్నిసార్లు తిప్పానో పేజీ
వాణ్ణి మూసేసి.

తెల్లారి ముసునూరు పోవాలి.
నాలుగు తిరిగిచ్చెయ్యాలి.
నలభై ఒకటి ఇస్తే మాత్రం
మస్తానయ్య దగ్గర్నించి తిరిగొస్తుందా అని
ఒకటే గుబులు.